గొట్టం తాళం, ఏడు పుల్లల పరికరం
(తాళాలు విప్పడం అభిరుచిగా ఉన్నవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఒకే ఒక రకం తాళం గురించి, దాన్ని తాళంచెవి లేకుండా విప్పడానికి వాడే పరికరం గురించి మాట్లాడమన్నారు. మామూలు పిన్నుల తాళాలతో చెయ్యి తిరిగినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. కొందరు ఈ తాళాన్ని ఇంతవరకు ముట్టుకుని ఉండకపోవచ్చు. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను, తర్వాత కారణాలు చెబుతాను. ఈ పరికరాన్ని కొనేటప్పుడు మెరుపు, పెట్టె, వెల ఇవన్నీ పక్కన పెట్టండి. అందులోని ఏడు సన్నని ఉక్కు పుల్లల బిగువు, అంటే అవి ఎంత తేలికగా జరుగుతాయన్నది, ఒక్కటే చూడండి. దాన్ని మీరు ఎంత సన్నగా సరిచేసుకోగలరన్న దాని మీదే మిగతా అంతా ఆధారపడి ఉంటుంది.

(బల్ల మీది తాళాన్ని చేతిలోకి తీసుకుని) ఇదిగో, ఇదే గొట్టం తాళం. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇది తెలుసు. లాప్‌టాప్‌ను బల్లకు కట్టేసే ఉక్కు తీగ చివర చాలాకాలం ఇదే ఉండేది. పాత కంప్యూటర్ పెట్టెల ముందు భాగంలో, శీతల పానీయాలు అమ్మే యంత్రాల తలుపుల మీద, నాణేలు వేసి ఆడే ఆటల యంత్రాల మీద కూడా ఇదే కనిపిస్తుంది. తాళంచెవి చిన్న గొట్టంలా ఉంటుంది. గొట్టం అంచున చుట్టూ చిన్న చిన్న కోతలు, ఒకచోట బయటికి పొడుచుకొచ్చిన చిన్న ముక్కు. తాళం ముఖం చూస్తే మధ్యలో ఒక కడ్డీ, దాని చుట్టూ వలయాకారపు సందు, ఆ సందు అడుగున చుక్కల్లా పిన్నుల తలలు. ఎక్కువ తాళాల్లో ఏడు పిన్నులు ఉంటాయి. ఎనిమిది, పది పిన్నులవి కూడా ఉన్నాయి.

పనిచేసే తీరు మామూలు పిన్నుల తాళానిదే. ప్రతి రంధ్రంలో రెండు పిన్నులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకదాన్ని స్ప్రింగు ముందుకు తోస్తూ ఉంటుంది. ఆ రెండు పిన్నులూ కలిసే చోటు, తిరిగే భాగానికీ తిరగని భాగానికీ మధ్య ఉన్న సరిహద్దు మీదికి వచ్చి సరిగ్గా నిలిస్తే ఆ పిన్ను అడ్డు తొలగినట్టే. అన్ని పిన్నులూ ఒకేసారి అలా నిలిస్తే తాళం తిరుగుతుంది. తేడా అమరికలో ఉంది. మామూలు తాళంలో పిన్నులు ఒక వరుసలో ఉంటాయి, వాటిని పైకి ఎత్తాలి. ఇందులో వలయంగా ఉంటాయి, లోపలికి నొక్కాలి. ఈ తేడా వల్ల ఒక సౌకర్యం కలుగుతుంది. ముందు పిన్నులన్నీ ముఖం మీదే బయటికి కనిపిస్తూ ఉంటాయి. ఒక రంధ్రంలోని పిన్ను ఇంకో రంధ్రంలోని పిన్ను వెనక దాక్కోదు. అందుకే అన్నింటినీ ఒకేసారి తాకే పరికరం తయారుచేయడం సాధ్యమైంది.

కొంచెం వెనక్కి వెళదాం. లోపలికి నొక్కే తాళాలకు ఒక పెద్ద పూర్వీకుడు ఉన్నాడు. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1784లో ఒక తాళానికి పేటెంటు తీసుకున్నాడు. హైడ్రాలిక్ ప్రెస్సు కనిపెట్టింది కూడా ఈయనే. ఆ తాళంచెవి కూడా చిన్న గొట్టమే, దాని చివర రకరకాల లోతుల్లో చీలికలు ఉండేవి. లోపల పిన్నులకు బదులు సన్నని లోహపు పట్టీలు జారేవి. తాళంచెవి ఒక్కో పట్టీని ఒక్కో లోతుకు నొక్కితే తప్ప తాళం తిరిగేది కాదు. వాటిని అంత కచ్చితంగా తయారుచేయడానికి కావలసిన యంత్ర పరికరాలను రూపొందించినవాడు హెన్రీ మాడ్స్‌లే. ఆ తర్వాత బ్రామా సంస్థ లండన్‌లో పికడిలీలోని తమ దుకాణం అద్దాల కిటికీలో ఒక తాళాన్ని ప్రదర్శనకు పెట్టింది. దీన్ని విప్పే పరికరం చేసినవారికి 200 గినీలు ఇస్తామని దాని మీద రాయించింది. అది అలా దశాబ్దాల పాటు ఎవరికీ లొంగకుండా ఉండిపోయింది.

1851లో లండన్ మహా ప్రదర్శనకు అమెరికా నుంచి ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే తాళాల నిపుణుడు వచ్చాడు. ముందు చబ్ సంస్థవారి పేరుమోసిన తాళాన్ని విప్పాడు. తర్వాత ఈ బ్రామా తాళం మీద కూర్చున్నాడు. దానికి 18 పట్టీలు. 16 రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు పనిచేసి తెరిచాడు. ఎలా అన్నదే మనకు కావలసింది. ఆయన తన పరికరాన్ని తాళం చుట్టూ కదలకుండా బిగించుకున్నాడు. తిప్పే ఒత్తిడి ఎప్పుడూ ఒకేలా ఉండేలా చూసుకున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్క పట్టీ ఎంత లోతుకు వెళుతున్నదో కొలుచుకుంటూ పోయాడు. బ్రామా సంస్థవారు ఈ పద్ధతి మీద అభ్యంతరం చెప్పారు. కానీ మధ్యవర్తులు హాబ్స్ పక్షానే తీర్పు చెప్పారు, డబ్బు ఆయనకే దక్కింది. ఆ తాళం ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. ఒకేలా ఉండే ఒత్తిడి, ప్రతి అడ్డంకినీ విడిగా కొలవడం, ఆ కొలత చెదిరిపోకుండా నిలుపుకోవడం. హాబ్స్ చేసిన ఈ మూడు పనులే మన చేతిలోని ఏడు పుల్లల పరికరం కూడా చేయాలి. అది చేయగలదా లేదా అన్న ప్రశ్నతోనే దుకాణానికి వెళ్లాలి.

ఇప్పుడు మనం చూస్తున్న రూపం 1933లో వచ్చింది. షికాగో లాక్ కంపెనీ ‘ఏస్’ అనే పేరుతో దీన్ని మొదలుపెట్టింది. అందుకే పాతతరం తాళాల పనివాళ్లు ఈ రకం తాళాలన్నింటినీ ‘ఏస్ తాళాలు’ అనే పిలుస్తారు. తాళంచెవి నకలు తీయడం అప్పట్లో మామూలు దుకాణాలకు కష్టమైన పని. అందువల్ల యంత్రాల యజమానులు దీన్ని ఇష్టపడ్డారు. ఆ నమ్మకం ఏడు దశాబ్దాలు నిలిచింది.

2004 సెప్టెంబరులో అది బద్దలైంది. అమెరికాలో సైకిళ్లకు వేసే క్రిప్టొనైట్ వారి గట్టి ఉక్కు తాళాన్ని ఒక చవక బాల్‌పెన్ను ప్లాస్టిక్ గొట్టంతో తెరవవచ్చని వీడియోలు బయటికి వచ్చాయి. ఇలాంటి బలహీనత గురించి 1992లోనే ఒక బ్రిటిష్ సైకిళ్ల పత్రిక రాసింది, కానీ ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి ఇంటర్నెట్ వల్ల కొద్ది రోజుల్లోనే ప్రపంచమంతా తెలిసిపోయింది. ఆ సంస్థ ఉచితంగా తాళాలు మార్చి ఇచ్చే కార్యక్రమం పెట్టి, 3,80,000కు పైగా తాళాలను మార్చింది. గొట్టం తాళంచెవిని వదిలి బల్లపరుపు తాళంచెవికి మారిపోయింది.

పెన్ను గొట్టంతో ఎలా తెరుచుకుందో అర్థమైతే పరికరం రహస్యం సగం అర్థమైనట్టే. ఆ ప్లాస్టిక్కు మరీ మెత్తనా కాదు, మరీ గట్టీ కాదు. దాన్ని లోపలికి తోసి అటూ ఇటూ తిప్పుతుంటే పిన్నులు వెనక్కి తోస్తూ తమకు కావలసిన లోతును ప్లాస్టిక్కు అంచు మీద తామే అచ్చు వేసుకున్నాయి. తిప్పేవాడికి ఏ పిన్ను ఎంత లోతో తెలియనక్కరలేదు. అచ్చు పడే పదార్థం స్ప్రింగు బలానికి సరిపోయేంత మెత్తగా ఉండి, పడిన అచ్చు నిలిచేంత గట్టిగా ఉంటే చాలు. ఏడు పుల్లల పరికరం చేసేదీ ఇదే. ప్లాస్టిక్కు బదులు ఏడు సన్నని ఉక్కు పుల్లలు, ఆ మెత్తదనానికి బదులు పుల్లల బిగువు. తేడా ఒక్కటే. ప్లాస్టిక్కు మెత్తదనాన్ని మనం మార్చలేము, పుల్లల బిగువును మార్చగలం.

పరికరాల వైపు వస్తాను. ఈ తాళాన్ని విప్పడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఒక్కొక్క పిన్నునే నొక్కుకుంటూ పోవడం. మధ్య కడ్డీకి ఉన్న గాడిలో పట్టుకునే చిన్న టెన్షన్ రెంచి ఒకటి, నిటారుగా ఉండే సన్నని పుల్ల ఒకటి ఉంటే సరిపోతుంది. రెంచితో కొద్దిగా తిప్పి పట్టుకుని, ఏ పిన్ను బిగుసుకుని ఉందో వెతికి, దాన్ని టిక్కుమనేదాకా నొక్కాలి. తర్వాత బిగుసుకునే ఇంకో పిన్నును వెతకాలి. రంధ్రాలు ఎంత జాగ్రత్తగా వేసినా వెంట్రుకవాసి తేడాలు ఉంటాయి. అందుకే పిన్నులు అన్నీ ఒకేసారి బిగుసుకోవు, ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటాయి.

ఈ దారిలో ఒక ఇబ్బంది ఉంది, కొత్తవాళ్లకు దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఏడు పిన్నులూ కూర్చుని, అంటే సరిహద్దు దగ్గర సరిగ్గా నిలిచి, తాళం కొద్దిగా తిరిగిందనుకోండి. ఒక పిన్ను స్థానం దాటగానే ప్రతి పిన్నుకూ పక్క రంధ్రంలోని స్ప్రింగు ఎదురవుతుంది. పిన్నులను ఆ లోతులో పట్టి ఉంచేది ఏదీ లేదు కాబట్టి అన్నీ మళ్లీ సరిహద్దు దాటి దిగిపోతాయి, తాళం అక్కడే ఆగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి నొక్కాలి. తాళం పూర్తిగా తెరుచుకునే లోపు ఇలా ఎన్నోసార్లు జరుగుతుంది. విసుగు పుట్టించే పనే. అయినా నేర్చుకునేవాళ్లు మొదట ఈ దారినే పట్టాలని నేను గట్టిగా అంటాను. ఒక్కొక్క పిన్ను బిగువు ఎలా ఉంటుందో, కూర్చున్న పిన్నుకూ ఊరికే ఊగుతున్న పిన్నుకూ తేడా ఏమిటో వేలికి తెలిసేది ఇందులోనే. ఆ తేడా తెలియకుండా ఏడు పుల్లల పరికరం పట్టుకుంటే, తెరుచుకున్నా ఎందుకు తెరుచుకుందో తెలియదు.

రెండో దారి ఆ పరికరమే. (పరికరాన్ని చూపిస్తూ) ఇది పిడి, ఇది ముందున్న గొట్టం. గొట్టం చుట్టూ ఏడు గాడులు, వాటిలో ఏడు పుల్లలు. పుల్లలను చుట్టూ రబ్బరు రింగులు నొక్కి పట్టి ఉంచుతాయి. ఈ మరను బిగిస్తే పుల్లలు జరగడం కష్టమవుతుంది, వదులు చేస్తే తేలికవుతుంది. పుల్లలను పూర్తిగా ముందుకు తోసి తాళంలో పెడితే పిన్నులన్నీ బాగా లోపలికి వెళ్లిపోతాయి. అప్పుడు కొద్దికొద్దిగా కుడికీ ఎడమకూ ఊపుతుంటే స్ప్రింగులు పిన్నులను, పిన్నులు పుల్లలను వెనక్కి తోస్తాయి. ఒక పిన్ను సరిహద్దుకు చేరగానే వెనక పిన్ను అక్కడ పట్టుబడి ఆగిపోతుంది. స్ప్రింగు బలం ఇక ముందు పిన్నుకు అందదు. పుల్ల ఆగిపోతుంది. ఏడూ అలా ఆగితే తాళం తిరుగుతుంది. పుల్లలు ఆ లోతుల్లోనే నిలిచి ఉంటాయి కాబట్టి పరికరం తాళంచెవిలాగే పనిచేస్తుంది. పక్క రంధ్రాల దగ్గర పిన్నులు దిగిపోవు, తాళం ఆగకుండా పూర్తిగా తిరుగుతుంది.

బిగువు ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు చెప్పనక్కరలేదు. మర ఎక్కువ బిగించి ఉంటే స్ప్రింగులు పుల్లలను కదపలేవు, పిన్నులు లోపలే ఉండిపోతాయి, ఎంత ఊపినా ప్రయోజనం ఉండదు. వదులుగా ఉంటే పరికరం పెట్టగానే పుల్లలన్నీ ఒక్క ఊపున వెనక్కి పోతాయి. సరైన బిగువు ఈ రెంటి మధ్య చాలా ఇరుకైన చోట ఉంటుంది. స్ప్రింగు తోపుకు మన చేతి ఊపు తోడైతేనే పుల్ల కదలాలి, తోపు పోగానే ఉన్నచోట ఆగాలి. తంబురా శ్రుతి చేసేటప్పుడు బిరడాను ఎంత కొద్దిగా తిప్పుతారో మరను అంత కొద్దిగా తిప్పుకుంటూ ఆ చోటు వెతుక్కోవాలి. తాళం మారితే ఆ చోటూ మారుతుంది.

కాబట్టి కొనేటప్పుడు చూడవలసింది ఇది. మొదట మరను సగం బిగించి, ఒక్కొక్క పుల్లను బొటనవేలి గోటితో వెనక్కి తోసి చూడండి. ఏడూ ఒకే బలానికి కదలాలి. ఆరు సాఫీగా జరిగి ఏడోది తటపటాయించిందంటే ఆ పరికరం ఆ ఒక్క పుల్ల వల్లే మిమ్మల్ని ఏడిపిస్తుంది. తర్వాత మరను పావు చుట్టు బిగించి మళ్లీ చూడండి. బిగువు మారినట్టు వేలికి తెలియాలి. కొన్ని చవక పరికరాల్లో మర తిరుగుతూనే ఉంటుంది, బిగువు మాత్రం ఒకచోట ఒక్కసారిగా పెరుగుతుంది. అలాంటిదాన్ని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. మూడోది పుల్లల కొనలు. వాటిని బల్లపరుపుగా ఉన్న గాజు పలక మీద నిలబెట్టి నొక్కి సమం చేసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. ఒకదాని కొన వంగినా, మూలలు అరిగి గుండ్రంగా ఉన్నా అది పిన్ను మీద నుంచి పక్కకు జారుతుంది.

ఆ తటపటాయించే పుల్లను చాలాసార్లు బాగుచేయవచ్చు. ఎక్కువగా అది గాడిలో మిగిలిపోయిన సన్నని లోహపు రజను వల్ల, లేదా పుల్ల అంచున నూరకుండా వదిలేసిన గరుకు వల్ల వస్తుంది. పుల్లను బయటికి తీసి, బాగా సన్నని ఎమరీ కాగితాన్ని బల్ల మీద పరిచి, పుల్లను దాని మీద పొడవునా రెండు మూడుసార్లు లాగండి. అడ్డంగా రుద్దితే గీతలు పడి ఇంకా పట్టేస్తుంది. గాడిని పాత పళ్లబ్రష్షుతో శుభ్రం చేయండి. నూనె మాత్రం వేయకండి. నూనె వేస్తే ఆ రోజుకు బ్రహ్మాండంగా జరుగుతుంది, కానీ రబ్బరు రింగులు ఉబ్బవచ్చు, దుమ్ము చేరుతుంది, బిగువు రోజుకో తీరుగా మారుతుంది. రబ్బరు రింగులు పాతబడి పగుళ్లిస్తే అన్నింటినీ కలిపి ఒకేసారి మార్చాలి.

కొలతల సంగతి త్వరగా చెబుతాను. ఆన్‌లైన్‌లో ఎక్కువగా దొరికేది 7, 7.5, 7.8 మిల్లీమీటర్ల మూడు పరికరాల సెట్టు. అది ఏడు పిన్నుల మామూలు తాళాలకు. మీ తాళం వలయానికి ఏది సరిపోతుందో తాళంచెవిని పక్కన పెట్టి పోల్చుకోవాలి. వదులుగా ఉంటే పుల్లలు పిన్నుల అంచులను తాకుతాయి, బిగుతుగా ఉంటే లోపలికే పోదు. ఇంకొకటి, కొన్ని తాళాల్లో పిన్నులు ముక్కు గాడికి సూటిగా మొదలవుతాయి, కొన్నింటిలో కొంచెం ఎడమకో కుడికో జరిగి ఉంటాయి. మూడింటికీ వేరువేరు పరికరాలు కావాలి. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, తాళం ముందు కొనండి, పరికరం తర్వాత కొనండి. తాళంచెవులతో సహా అమ్మే కొత్త తాళాలు, అల్మారాలకు వేసే చిన్నవి, విడిగా దొరుకుతాయి. రెండు తాళంచెవులు తప్పకుండా ఉండాలి. అవి ఎందుకు కావాలో చెబుతాను.

వాడే పద్ధతి. తాళాన్ని కదలకుండా పట్టే వైసులో బిగించండి, దవడలకు గుడ్డ చుట్టండి. చేత్తో పట్టుకుని చేస్తే ఊగుతున్నది పరికరమో తాళమో తెలియదు. హాబ్స్ తన పరికరాన్ని కదలకుండా బిగించుకున్నది కూడా ఇందుకే. పుల్లలను గాజు పలక మీద నొక్కి సమం చేసి, పరికరాన్ని తాళంలో నిటారుగా పెట్టండి. వంకరగా పెడితే ఒక పక్క పిన్నులు ఎక్కువ నొక్కుకుంటాయి. ఇప్పుడు లోపలికి తోసే బలం స్థిరంగా ఉంచి, గడియారం ముల్లు ఒక నిమిషం గీత జరిగేంత మేర మాత్రమే కుడికి, మళ్లీ ఎడమకు ఊపండి. తాళం తిరగడానికి ఊపుతున్నామని అనుకోకండి. పుల్లలు తమ చోటు వెతుక్కోవడానికి ఊపుతున్నాం. బలం ఎక్కువైతే అన్ని పిన్నులూ ఒకేసారి బిగుసుకుని ఏదీ కదలదు. కొన్ని ఊపుల తర్వాత ఊపు పరిధి కొంచెం పెరిగినట్టు చేతికి తెలుస్తుంది. అంటే ఒకటో రెండో కూర్చున్నాయి. అప్పుడు తొందరపడి గట్టిగా తిప్పడమే అందరూ చేసే పని. తిప్పకండి, అదే తేలిక ఊపు కొనసాగించండి. ఏమీ మారడం లేదనిపిస్తే పరికరాన్ని తీసి పుల్లలను చూడండి. అన్నీ ఇంకా ముందుకే ఉన్నాయా, బిగువు తగ్గించండి. అన్నీ పూర్తిగా వెనక్కి పోయాయా, బిగువు పెంచండి. కొన్ని పోయి కొన్ని ఆగాయా, మీరు దగ్గరలో ఉన్నారు.

తాళం తెరుచుకున్నాక వెంటనే పరికరం లాగేయకండి. ముందు మరను పూర్తిగా బిగించండి. ఆ తర్వాత మొదటి స్థానానికి తిప్పి బయటికి తీయండి. ఇప్పుడు పుల్లల లోతులు తాళం లోతులను చూపిస్తున్నాయి. అసలు తాళంచెవిని పక్కన పెట్టి, ముక్కు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క కోతనూ ఒక్కొక్క పుల్లతో పోల్చండి. తాళంచెవి తప్పనిసరి అన్నది ఇందుకు. ఎక్కడ సరిపోయింది, ఎక్కడ కొద్దిగా ఎక్కువైంది అన్నది రాసుకోండి. తాళం తెరుచుకోవడం కంటే ఈ పోలికే ఎక్కువ నేర్పుతుంది. ఈ పరికరాన్ని పనివాళ్లు వాడేదే ఇందుకోసం. తెరిచి, లోతులు చదివి, కొత్త తాళంచెవి కోయడానికి.

ఈ లోతులు చదవడం మీద అమెరికాలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. షికాగో కంపెనీ తాళంచెవి కోతల సంకేతాలను రహస్యంగా ఉంచి, తాళం మీది వరుస సంఖ్యను బట్టి యజమానికి మాత్రమే నకలు ఇచ్చేది. తాళాల పనివాళ్లు మాత్రం ఖాతాదారుల కోసం తాళాలు విప్పి, లోతులు చదివి, ఆ సంఖ్య పక్కన రాసుకునేవారు. ఫాన్‌బర్గ్ అనే పేరున్న తాళాల పనివారు, తండ్రీకొడుకులు, అలా పోగైన సంకేతాలన్నీ కలిపి 1970లలో పుస్తకంగా అమ్మకానికి పెట్టారు. వ్యాపార రహస్యం దొంగిలించారని కంపెనీ దావా వేసింది. తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 1982లో ఫాన్‌బర్గ్‌ల పక్షాన తీర్పు ఇచ్చింది. అమ్మిన వస్తువును పరిశీలించి అందులోని కొలతలు తెలుసుకోవడం న్యాయమైన మార్గమేనన్నది ఆ తీర్పు సారాంశం. మీరు మీ బల్ల మీద మీ తాళాన్ని చదువుతున్నప్పుడు ఎవరి రహస్యాన్నీ దొంగిలించడం లేదు. ఆ తీర్పును నేను ఇష్టంగా గుర్తుచేసుకునేది అందుకే.

కొన్ని తాళాలు ఈ పరికరానికి లొంగవు. తయారీదారులూ నేర్చుకున్నారు. ఒకటి రెండు రంధ్రాల్లో మిగతా వాటికంటే గట్టి స్ప్రింగులు పెడతారు. అన్ని పుల్లలకూ ఒకే బిగువు ఉన్న పరికరం అక్కడ ఓడిపోతుంది. గట్టి స్ప్రింగు దగ్గరి పుల్ల ముందే వెనక్కి పోతుంది, లేదా దానికి తగినట్టు బిగిస్తే మిగతావి కదలవు. కొన్నింటిలో నడుము సన్నగా ఉండే పిన్నులు పెడతారు. అవి కూర్చున్నట్టు నటించి ఆగిపోతాయి. ఇలాంటి తాళాలకు ఏడు పుల్లలను పక్కన పెట్టి మొదటి దారికే, ఒక్కొక్క పిన్ను దారికే తిరిగి రావాలి. ఆ దారిలో వేళ్లకు పట్టుబడిన విద్య అప్పుడు అక్కరకొస్తుంది.

కట్టుబాట్లు రెండు. మీది కాని తాళాన్ని యజమాని స్పష్టంగా ఒప్పుకోకుండా ముట్టుకోవద్దు. మీదే అయినా సరే, వాడుకలో ఉన్న తాళం మీద సాధన చేయవద్దు. ఈ రెండూ జర్మనీలో, నెదర్లాండ్స్‌లో, అమెరికాలో ఈ అభిరుచి సంఘాలన్నీ పాటించేవే. వీటిని నేను మొక్కుబడిగా చెప్పడం లేదు. వీటిని పాటించనివాడికి ఈ బల్ల దగ్గర చోటు లేదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇంకో మాట వినాలి. జపాన్‌లో 2003 నాటి చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా ఇలాంటి పరికరాలు దగ్గర ఉంచుకోవడమే నేరం. ఇంగ్లండు, వేల్స్‌లలో 1968 నాటి దొంగతనాల చట్టం, దొంగతనానికి వాడే ఉద్దేశంతో పరికరాలు వెంట పెట్టుకుని ఇంటి బయట తిరగడాన్ని నేరంగా చూస్తుంది. అమెరికాలో రాష్ట్రానికో తీరు. మన దగ్గరైనా వీటిని జేబులో వేసుకుని తిరగాల్సిన పని లేదు. ఇంట్లో బల్ల సొరుగులో ఉంచండి, సమావేశానికి తెచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకుని తెచ్చుకోండి.

ప్రశ్నలు ఏవైనా ఉంటే అడగండి.

ఒక శ్రోత: పారదర్శకంగా లోపలంతా కనిపించే సాధన తాళాలు అమ్ముతున్నారు కదండీ, వాటితో మొదలుపెట్టవచ్చా?

చూసి అర్థం చేసుకోవడానికి అవి మంచివి. స్ప్రింగు ఎక్కడుందో, సరిహద్దు ఎక్కడుందో కంటితో ఒకసారి చూస్తే ఇంతసేపూ నేను చెప్పినదంతా ఇట్టే తెలిసిపోతుంది. కానీ వాటి ప్లాస్టిక్కులో రంధ్రాలు వదులుగా ఉంటాయి, పిన్నుల బిగువు అసలు తాళంలోలా తెలియదు. చూడటానికి ఒకటి ఉంచుకోండి, చేతికి మాత్రం లోహపు తాళమే అలవాటు చేయండి.

మరొక శ్రోత: నా తాళం ఒక్కొక్క పిన్నే నొక్కుతూ ఉంటే సగంలో ఆగిపోయిందండీ. ఇప్పుడు అసలు తాళంచెవి కూడా లోపలికి పోవడం లేదు. పాడైపోయినట్టేనా?

పాడవలేదమ్మా. తాళంచెవి ముక్కు పోవలసిన గాడి తాళం ముఖం మీద ఒకేచోట ఉంటుంది. మధ్య కడ్డీ తిరిగి పక్క స్థానంలో ఆగింది కాబట్టి గాడి, కడ్డీ ఒకదానికొకటి ఎదురుగా లేవు. అందుకే తాళంచెవి పట్టడం లేదు. బలవంతంగా దూర్చకండి, ముక్కు విరిగిపోతుంది. రెంచిని మళ్లీ కడ్డీలో పెట్టి, ఇంతకుముందులాగే పిన్నులు నొక్కుతూ ఒక్కొక్క స్థానమే జరుపుకుంటూ మొదటి స్థానానికి తీసుకురండి. ఎటు తక్కువ దూరమైతే అటు తిప్పండి. బయటి ముక్కు లేని ఏడు పుల్లల పరికరం ఉంటే ఇంకా సులువు. తాళంచెవి కోతలను చూసి పుల్లలను ఆ లోతులకే సర్ది, మర గట్టిగా బిగించి, కడ్డీ ఏ స్థానంలో ఉంటే ఆ స్థానంలోనే పెట్టి ఒక్కసారిగా వెనక్కి తిప్పవచ్చు. మొదటి స్థానానికి వచ్చాక అసలు తాళంచెవి పెట్టి రెండు మూడుసార్లు తిప్పి చూడండి. ఎక్కడా పట్టకుండా తిరిగితే లోపల ఏమీ కాలేదు. ఆ తాళం ఇప్పుడు మీ దగ్గర ఉంటే బల్ల దగ్గరికి తీసుకురండి, ఇద్దరం కలిసి చూద్దాం.